చేతిలో 18 లక్షలు, నెలకు 98 వేల ఆదాయం: ముందు ఫ్లాటా, కారా?

పటమట వాసి

అందరికీ నమస్కారం. మేమిద్దరం ప్రైవేటు ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 98 వేలు చేతికొస్తాయి. విజయవాడ పటమటలో డబుల్ బెడ్రూం ఇంటికి 14 వేలు అద్దె. పాప వచ్చే ఏడాది ఒకటో తరగతికి వెళ్తుంది. మేం దాచుకున్నదీ, మా నాన్నగారు ఇచ్చినదీ కలిపి 18 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉన్నాయి.

రెండు ఫ్లాట్లు చూశాం. ఒకటి పోరంకి దగ్గర, ఇంకా కడుతున్నారు. 1,250 చదరపు అడుగులు, 62 లక్షలు చెబుతున్నారు. ఏడాదిన్నరలో తాళాలు ఇస్తారట. రెండోది సింగ్‌నగర్ వైపు, ఎనిమిదేళ్ల పాత ఫ్లాటు, 41 లక్షలు. మావారికి కారు కూడా ఇప్పుడే కొనాలని ఉంది. ఆన్‌రోడ్ 9 లక్షలు అవుతుంది, 2 లక్షలు కట్టి మిగతాది లోను పెడదామంటారు. మా అత్తగారిని తెనాలి నుంచి ఆసుపత్రికి తీసుకురావడానికి ప్రతిసారీ ఇబ్బందవుతోంది, కాబట్టి ఆయన మాట తోసెయ్యలేను.

బ్యాంకు వాళ్లు 50 లక్షల దాకా ఇంటి లోను వస్తుందన్నారు. మా అన్నయ్య "బ్యాంకే ఇస్తానంటుంటే భయమెందుకు" అంటున్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఏది ముందు చేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత లెడ్జర్

అమ్మా, బ్యాంకులో ఇంటి లోన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి. మీ అన్నయ్య మాట చాలామంది అనేదే. బ్యాంకు ఎంత ఇస్తుందన్నది మీ జీతాన్ని బట్టి తేలే లెక్క. మీరు ఎంత మోయగలరన్నది మీ ఇంటి ఖర్చును బట్టి తేలే లెక్క. రెండోది బ్యాంకు వెయ్యదు, మీరే వేసుకోవాలి.

ముందు చేతి నుంచి పడే డబ్బు చూద్దాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం లోను 30 లక్షల లోపయితే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకానే ఇవ్వాలి. 62 లక్షల ఫ్లాటుకి 80 శాతమంటే 49.6 లక్షలు. మిగతా 12.4 లక్షలు మీవి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఈ విలువలో కలపరు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 62 లక్షల మీద 4.65 లక్షలు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటు కాబట్టి జీఎస్టీ 5 శాతం, అది 3.10 లక్షలు.

కూడండి. 20.15 లక్షలు. మీ దగ్గరున్నది 18. ఇందులో ఇంకా బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు లేదు, లాయరు ఫీజు లేదు, కప్‌బోర్డులు లేవు, ఫ్యాన్లూ లైట్లూ లేవు. బిల్డర్ చెప్పిన 62లో కారు పార్కింగు, కార్పస్ ఫండ్ (అపార్టుమెంటు నిర్వహణకు ముందే కట్టే నిధి), కరెంటు డిపాజిట్ ఉన్నాయో లేదో కూడా అడగండి.

పాత ఫ్లాటు లెక్క వేరు. 41 లక్షలకు 80 శాతం లోను 32.8 లక్షలు. మీ వాటా 8.2, రిజిస్ట్రేషన్ 3.08, కలిపి 11.3 లక్షల దాకా. పూర్తయిన ఇంటిని ఓనరు దగ్గర కొంటే జీఎస్టీ ఉండదు. ఇంకా ఆరున్నర లక్షలు మీ చేతిలో మిగులుతాయి. అయితే ఆ ఫ్లాటే కొనమని నేననడం లేదు. సింగ్‌నగర్ అన్నారు కాబట్టి అక్కడివాళ్లు చెప్పాల్సింది ఉంటుంది.

ఇంకా అద్దెలోనే

ఒక్క మాట అడుగుతాను. 14 వేల అద్దె అంటే ఏడాదికి 1.68 లక్షలు. 62 లక్షల ఇంటి మీద అది 2.7 శాతం. అదే 62 లక్షల్లో లోనుకి మీరు కట్టే వడ్డీ 8 శాతం చుట్టూ. అద్దె డబ్బు వృథా అని అందరూ అంటారు, వడ్డీ డబ్బు ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పరు. పాప స్కూలు, ఇద్దరి ఉద్యోగాలు ఎక్కడ స్థిరపడతాయో తేలేదాకా రెండేళ్లు ఆగితే కొంపేం మునగదు. ఆ రెండేళ్లలో EMI కట్టినట్టే నెలనెలా డిపాజిట్ చేయండి. ఇరవై ఏళ్లు కట్టగలరో లేదో అప్పుడు మీకే తెలుస్తుంది.

పాత లెడ్జర్

పై మిత్రుడు చెప్పిన పద్ధతి నిజంగా మంచిది. నేను కూడా మా పిల్లలకి అదే చెప్పాను. ఇల్లు కొనే ముందే ఆరునెలలు ఆ వాయిదా సొమ్ము పక్కన పెట్టి బతికి చూడాలి.

వాయిదా లెక్కలు కూడా ఇస్తాను, కాగితం మీద రాసుకోండి. వడ్డీ 8 శాతం అనుకుందాం. 49.6 లక్షలు 20 ఏళ్లకి అయితే నెలకు 41,500 దాకా. మొత్తం కట్టేది 99.6 లక్షలు. అంటే అసలెంతో వడ్డీ కూడా అంతే. మొదటి నెల కట్టే 41,500లో 33 వేలు వడ్డీకే పోతుంది, అసలులో తరిగేది 8,400.

"30 ఏళ్లు పెట్టుకోండి, EMI తగ్గుతుంది" అంటారు. తగ్గుతుంది, 36,400 అవుతుంది. నెలకు 5 వేలు తగ్గించుకున్నందుకు మొత్తం వడ్డీ 50 లక్షల నుంచి 81 లక్షలకు పెరుగుతుంది. అదే 15 ఏళ్లకి తీసుకుంటే EMI 47,400, వడ్డీ 36 లక్షల లోపే. మీ జీతానికి 15 ఏళ్లు కష్టం. 20 ఏళ్లకి తీసుకుని ఏటా ఒక EMI అదనంగా కట్టుకుంటూ పోండి, మూడేళ్లకు పైగా ముందే తీరిపోతుంది. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి లోను ముందే కట్టేస్తే బ్యాంకు ఏ చార్జీ వెయ్యకూడదు.

వడ్డీ మారుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్త ఇంటి లోన్లను రెపో (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు) లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. అప్పుడు చాలామందికి EMI మారలేదు, లోను గడువు పెరిగింది. మీ లెక్కలోనే చూడండి. మొదటి ఏడాదిలోనే వడ్డీ 8 నుంచి 9కి వెళ్లి, మీరు EMI పెంచకపోతే, 20 ఏళ్ల లోను దాదాపు 25 ఏళ్ల దాకా సాగుతుంది. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పిందేమిటంటే, వడ్డీ మారినప్పుడు EMI పెంచాలా, గడువు పెంచాలా అన్నది మిమ్మల్ని అడగాలి. అడగకపోతే మీరే వెళ్లి అడగండి.

ఇక కారు. 7 లక్షలు 9.5 శాతానికి 5 ఏళ్లు అంటే నెలకు 14,700. ఇంటి వాయిదాతో కలిపి 56,200. పోరంకి ఫ్లాటు తయారయ్యేదాకా అద్దె కూడా ఉంటుంది. బ్యాంకు విడుదల చేసినంత వరకే మొదట్లో వడ్డీ పడుతుంది కాబట్టి ఆరంభంలో భారం కొంత తక్కువే గానీ, చివరి నెలల్లో ఈ మూడూ కలిపి 70 వేలు. మిగిలిన 28 వేలతో పాప చదువు, అత్తగారి మందులు, పెట్రోలు, సరుకులు. ఒకరి ఉద్యోగం ఒక్క నెల ఆగితే ఏమవుతుందో ఆలోచించండి.

బ్రాడీపేట ప్లీడరు

గుంటూరు నుంచి రాస్తున్నాను. డబ్బు లెక్కలు పెద్దాయన బాగా చెప్పారు. నేను కాగితాల గురించే చెబుతాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడ్వాన్సు ఇచ్చేశాకే వస్తారు.

"బ్యాంకు లోను శాంక్షన్ చేసింది, అంటే టైటిల్ క్లియర్" అన్న నమ్మకం ముందు వదిలెయ్యండి. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు సొమ్ముకి భద్రత ఉందా అని. మీరు పెట్టే 20 శాతానికి కాపలా ఉండేది మీ లాయరు. ఆ ఫీజు దగ్గర బేరం ఆడకండి.

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టీ, ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ శాఖ ఐజీఆర్ఎస్ సైటులో 1983 నుంచి వస్తుంది. కానీ ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. ఎవరో తెల్లకాగితం మీద రాసుకున్న అగ్రిమెంటు కనబడదు. రిజిస్టరు కాని వీలునామా కనబడదు. అందుకే లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు, వెనక్కి చదువుకుంటూ వెళ్లాలి. పిత్రార్జితం అయితే ఆ ఇంటి ఆడపిల్లల సంతకాలు ఉన్నాయో లేదో తప్పనిసరిగా చూడాలి. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి సమాన వాటా 1985 సెప్టెంబరు నుంచే చట్టంలోకి వచ్చింది, దేశమంతటికీ వచ్చింది 2005లో. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పొలాలు స్థలాలై, స్థలాలు అపార్టుమెంట్లయిన చోట ఆ ఒక్క సంతకం లేక కోర్టుల్లో నలిగేవి చాలా ఉన్నాయి.

రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితా ఉంటుంది. ప్రభుత్వ భూమి, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూములు అందులో ఉంటాయి. మీ సర్వే నంబరు అందులో లేదని చూసుకోవాలి. నేల వ్యవసాయ భూమి నుంచి మారిందా, ప్లాను ఎవరు ఆమోదించారు, ఎన్ని అంతస్తులకు ఆమోదించారు, ఎన్ని వేశారు అన్నవి కూడా. పోరంకి వైపు పాత ప్లాన్లయితే అప్పటి పట్టణాభివృద్ధి సంస్థ వీజీటీఎం ఉడా పేరుతో ఉంటాయి, 2014 చివర్లో సీఆర్‌డీఏ వచ్చాక ఆ పేరుతో ఉంటాయి.

పోరంకి ఫ్లాటుకి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) నంబరు అడిగారా? స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరుతో ఏపీ రెరా సైటులో వెతికితే ప్లాను, గడువు తేదీ కనిపిస్తాయి. రెరా ప్రకారం అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొన్నవాళ్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలి. ఇంకోటి, 1,250 అడుగులు అన్నది కార్పెట్ ఏరియానా, మెట్లూ లిఫ్టూ కారిడారు కలిపిందా? రాతపూర్వకంగా కార్పెట్ ఏరియా రాయించుకోండి. మీ వాటా నేల ఎన్ని గజాలో డాక్యుమెంటులో ఉండాలి.

పటమట వాసి

ప్లీడరు గారూ, నంబరు అడిగితే "అప్లై చేశాం, వస్తుంది" అన్నారు. ఇప్పుడే 15 లక్షలు కడితే రేటు 60కి ఇస్తారట. పైగా 45 లక్షలకే రిజిస్ట్రేషన్ చేయించుకుని మిగతాది క్యాష్ ఇమ్మంటున్నారు. స్టాంపు ఖర్చు కలిసొస్తుందని చెప్పారు.

బ్రాడీపేట ప్లీడరు

అమ్మా, నంబరు వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరైన ప్రాజెక్టును నంబరు లేకుండా అమ్మకానికి పెట్టడమే చట్టవిరుద్ధం.

క్యాష్ సంగతి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం 2015 జూన్ నుంచి నిషేధం. తీసుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానా పడుతుంది. మీకు కలిసొచ్చేది కూడా కనబడేంత కాదు. కాగితం మీద 45 అంటే బ్యాంకు 45 మీదే లోను లెక్కేస్తుంది. 36 లక్షలు వస్తుంది, మిగతా డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? రేపు అమ్మితే మీ కొనుగోలు ధర 45 అనే చూపించాలి, లాభం పెద్దదిగా కనబడి పన్ను మీరే కట్టాలి. బిల్డర్ మాట తప్పితే మీరు క్యాష్ ఇచ్చినట్టు ఏ కాగితమూ ఉండదు. పూర్తి ధరకే రాయించుకోండి. 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకి ఇచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) మీరే పట్టుకుని ప్రభుత్వానికి జమ చేయాలి, అది కూడా మర్చిపోవద్దు.

సింగ్‌నగర్ నుంచి

అక్కా, రెండో ఫ్లాటు మా వైపు అన్నారు కాబట్టి రాస్తున్నాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మా వీధుల్లోకి వచ్చినప్పుడు నేనిక్కడే ఉన్నాను. సింగ్‌నగర్, పాయకాపురం, ప్రకాష్‌నగర్, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వెలగలేరు దిగువన డైవర్షన్ కెనాల్‌కి గండ్లు పడి ఆ నీళ్లు ఇటు మళ్లాయి. సరిగ్గా అప్పుడే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారుతోంది. నది నిండుగా ఉంటే బుడమేరు నీళ్లు ఎటూ పోలేవు.

మా ప్రాంతం చెడ్డదని చెప్పడానికి రాయడం లేదు. ఇక్కడ మంచి మనుషులున్నారు, బజారు దగ్గర, బస్సు దగ్గర. అన్ని వీధులూ ఒకే ఎత్తులో కూడా లేవు. రెండు వీధుల తేడాలో ఒకచోట మోకాలి లోతు, ఒకచోట మొదటి అంతస్తు మెట్ల దాకా. అందుకే బ్రోకరుతో కాకుండా మీరే వెళ్లండి. కింద అంగడివాళ్లని, వాచ్‌మన్‌ని, ఇస్త్రీ చేసే ఆయన్ని "నీళ్లు ఎంతవరకు వచ్చాయి, ఎన్నాళ్లున్నాయి" అని అడగండి. గోడ మీద నీటి మరక ఎక్కడిదాకా ఉందో చూపిస్తారు. అపార్టుమెంటులో ట్రాన్స్‌ఫార్మర్, మోటార్లు, లిఫ్టు మిషను, జనరేటరు నేల మీదున్నాయా, ఎత్తు కట్టారా చూడండి. మీది నాలుగో అంతస్తయినా కరెంటు, నీళ్లు, లిఫ్టు లేకపోతే అత్తగారితో ఎలా ఉంటారు?

41 లక్షలు చవకగా ఎందుకు ఉందో బ్యాంకు అడగదు. మీరే అడగాలి.

ఇంటికి ఇన్సూరెన్స్ తీసుకునే అలవాటు మనకు లేదు. భారత్ గృహ రక్ష అనే పాలసీ 2021 ఏప్రిల్ నుంచి ఇంటి బీమా అమ్మే కంపెనీలన్నీ ఇస్తున్నాయి. వరద, అగ్నిప్రమాదం, తుపాను అన్నీ వస్తాయి. కట్టడానికి బీమా చేస్తే, దాని మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షలు, ఇంట్లో సామాన్లకు కూడా వర్తిస్తుంది. నేల విలువకి బీమా ఉండదు, కట్టడానికే, కాబట్టి ప్రీమియం తక్కువే. మా వీధిలో ఫ్రిజ్జు, వాషింగ్ మిషను, మంచాలు, పుస్తకాలు రోడ్డు మీద కుప్పలు పోసుకున్న ఇళ్లలో దాదాపు ఎవరికీ ఇది లేదు. నాకు అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆటోనగర్ షెడ్డు

కార్లు మా చేతిలో పని, కాబట్టి ఆ సంగతి నేను చెబుతాను. సింగ్‌నగర్ తమ్ముడు చెప్పిన వరదల తర్వాత మా షెడ్లకి లాగుకొచ్చిన బండ్లు చూస్తే కడుపు తరుక్కుపోయింది. అందులో ఎన్నో బండ్లకు నీళ్లు దిగాక "ఒకసారి చూద్దాం" అని స్టార్ట్ చేశారు. ఇంజన్లోకి నీళ్లు లాక్కుని కనెక్టింగ్ రాడ్ వంగింది. ఇన్సూరెన్స్ కంపెనీవాళ్లు వచ్చి "నీళ్లు వచ్చి పాడైనదానికి ఇస్తాం, స్టార్ట్ చేయడం వల్ల పాడైన ఇంజనుకి ఇవ్వం" అన్నారు. ఇంజన్ ప్రొటెక్ట్ కవర్ ఉన్నవాళ్లకే ఆ డబ్బు వచ్చింది. నీళ్లలో మునిగిన బండి తాళం తిప్పకండి. బ్యాటరీ వైరు ఊడదీసి, ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, లాగించుకు రండి. అంతే.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే వరదకి, దొంగతనానికి, మీ బండి డ్యామేజీకి పైసా రాదు. అది ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి. చట్ట ప్రకారం అది తప్పనిసరి, లేకపోతే మొదటిసారి 2 వేలు, తర్వాత 4 వేలు జరిమానా. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్లది ఒకేసారి కట్టాలి. ఓన్ డ్యామేజీ (మీ బండి నష్టానికి ఇచ్చే) భాగం మాత్రం ఏటా మీ ఇష్టం వచ్చిన కంపెనీలో తీసుకోవచ్చు. షోరూంలోనే తీసుకోవాలన్న రూలు ఎక్కడా లేదు. వాళ్ల కొటేషన్ చేతిలో పెట్టుకుని, అదే ఐడీవీ, అవే కవర్లతో బయట రెండు చోట్ల అడగండి.

ఐడీవీ అంటే బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠం. ప్రీమియం తగ్గించి చూపించడానికి దీన్ని తగ్గిస్తారు, అది మీ నష్టమే.

జీరో డెప్ (విడిభాగాల ధరలో కోత లేకుండా ఇచ్చే కవర్) గురించి అందరూ అడుగుతారు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ మారిస్తే సగమే ఇస్తారు. ఫైబర్‌కి 30 శాతం కోస్తారు. అద్దానికి కోత లేదు. ఇప్పటి కార్ల ముందుభాగమంతా ప్లాస్టిక్కే. బెంజి సర్కిల్ దగ్గర చిన్నగా తగిలినా బంపరు, గ్రిల్లు, లైటు కలిపి 20 వేలు అయితే 10 వేలు మీ జేబులోంచి, పైగా చిన్న కార్లకి వెయ్యి తప్పనిసరి కోత. కొత్త బండికి మొదటి ఐదేళ్లు జీరో డెప్ తీసుకోమనే నేను చెబుతాను. బెజవాడలో ఉంటే ఇంజన్ ప్రొటెక్ట్ కూడా.

ఎన్‌సీబీ అని ఉంటుంది. క్లెయిమ్ చేయని ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, చివరికి 50 దాకా ఓన్ డ్యామేజీ ప్రీమియంలో తగ్గింపు. ఒక్క క్లెయిముతో మళ్లీ సున్నాకి వస్తుంది. మూడు నాలుగు వేల గీతకి క్లెయిము చేయొద్దని నా దగ్గరకు వచ్చేవాళ్లకి నేనే చెబుతాను. గడువు దాటి 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోయినా అది పోతుంది.

తెనాలి కోడలు

కేంద్రం పథకం గురించి ఎవరూ రాయలేదు. పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) పట్టణ 2.0లో కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు ఉంటే, మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ, మొత్తం 1.80 లక్షలు ఐదు విడతలుగా వస్తుంది. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. పటమట గారి ఆదాయం దాటింది కాబట్టి వారికి రాదు. చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాశాను.

పటమట వాసి

మా అన్నయ్య ఇంకో మాట అంటున్నాడు, లోను తీసుకుంటే పన్ను కలిసొస్తుందట. నిజమేనా? బ్యాంకులో లోనుతోపాటు 2 లక్షల పైన ఇన్సూరెన్స్ కూడా తప్పనిసరి అన్నారు.

పాత లెడ్జర్

పన్ను సంగతి. పాత విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి 2 లక్షల దాకా, అసలుకి 1.5 లక్షల పరిమితిలో మినహాయింపు ఉంది. కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటికి అది లేదు. మీ ఇద్దరి జీతాలూ విడివిడిగా చూస్తే ఏడాదికి ఆరేడు లక్షల చొప్పున ఉండొచ్చు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను పడటం లేదు. అంటే మీరు కట్టే పన్నే లేదు, ఆదా అయ్యేదేముంది? పన్ను కోసం లోను తీసుకునే అవసరం మీకు లేదు.

ఇన్సూరెన్స్ తప్పనిసరి అన్నది తప్పు. లోనుతో కలిపి అమ్మే పాలసీలో ప్రీమియం ఒకేసారి తీసుకుంటారు, దాన్ని లోనులోనే కలిపేస్తారు. ఇరవై ఏళ్లు ఆ ప్రీమియం మీద కూడా వడ్డీ కడతారు. లోను తగ్గేకొద్దీ దాని కవరూ తగ్గుతుంది. మీ ఇద్దరికీ విడిగా టర్మ్ పాలసీలు తీసుకోండి, ఎవరి జీతానికి తగ్గ మొత్తానికి వాళ్లకి. మీలో ఎవరికైనా ఏదైనా జరిగితే లోను ఎవరు కడతారన్న ప్రశ్నకు జవాబు తప్పకుండా ఉండాలి, కానీ ఆ జవాబు బ్యాంకు కౌంటరులోనే కొనాలని లేదు. 2024 అక్టోబరు నుంచి ప్రతి లోనుకీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఫీజులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత పడుతుందో అందులో ఒకే అంకెలో ఉంటుంది. రెండు బ్యాంకులవి పక్కపక్కన పెట్టి చూడండి.

లోను ఇద్దరి పేరుతో, ఇల్లు కూడా ఇద్దరి పేరుతో పెట్టుకోండి. మహిళ పేరు ఉంటే కొన్ని బ్యాంకులు వడ్డీలో 0.05 శాతం తగ్గిస్తాయి. దరఖాస్తు పెట్టే ముందు ఇద్దరి క్రెడిట్ రిపోర్టులు తీయండి. ఈ రిపోర్టులిచ్చే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలి. ఎప్పుడో మూసేసిన క్రెడిట్ కార్డు ఇంకా బాకీ చూపిస్తుంటే ఇప్పుడే సరిచేయించుకోవచ్చు.

ఇంకా అద్దెలోనే

కారు విషయంలో, అత్తగారి కోసమే అయితే నాలుగైదేళ్ల పాత బండి నాలుగు లక్షల్లోపు దొరుకుతుంది కదా. లోను అక్కర్లేదు. నెలకు 14,700 మిగులుతుంది.

ఆటోనగర్ షెడ్డు

మంచి మాట. అయితే పాత బండి కొనేటప్పుడు 2024 సెప్టెంబరులో ఎక్కడుందో అడగండి, సర్వీసు హిస్టరీ తీయించండి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, కార్పెట్ ఎత్తి కింద తుప్పు, మట్టి ఉందేమో చూడండి. బండి నంబరు ఏపీ 16 అయినా, ఏపీ 07 అయినా, ఏపీ 39 అయినా ఈ పరీక్ష చేయాల్సిందే. పైకి కడిగి మెరిపించినా సీటు కింద బురద దాగదు. కొన్నాక ఆర్‌సీతోపాటు, 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్పించుకోవాలి. మార్చకపోతే ఓన్ డ్యామేజీ క్లెయిము నిలబడదు.

పటమట వాసి

అందరికీ చేతులెత్తి నమస్కారం. రాత్రి మావారితో కూర్చుని ఇవన్నీ కాగితం మీద వేశాం. పోరంకి ఫ్లాటు వదిలేస్తున్నాం, మాకు అంత ధర మోయడం కుదరదు, నంబరు లేకుండా డబ్బు ఇవ్వడం అసలే కుదరదు. సింగ్‌నగర్ ఫ్లాటు ఆదివారం మళ్లీ చూస్తాం, ఈసారి వాచ్‌మన్‌తో మాట్లాడి. దాంతోపాటు కానూరు, యనమలకుదురు వైపు 45 లక్షల్లోపు పాత ఫ్లాట్లు వెతుకుతున్నాం. ఈ నెల నుంచి 25 వేలు రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాం. 5 లక్షలు ఏది కొన్నా కదిలించకూడదని రాసుకున్నాం. కొత్త కారు మాట మావారే వెనక్కి తీసుకున్నారు, పాత బండి చూద్దామన్నారు.

సింగ్‌నగర్ నుంచి

యనమలకుదురు అంటున్నారు కాబట్టి అక్కా, అక్కడ కృష్ణ కరకట్టకు ఏ వైపు ఉందో చూసుకోండి. కృష్ణలంక వైపు రిటైనింగ్ వాల్ 2024లో చాలా ఇళ్లను కాపాడింది, కానీ గోడకి నది వైపున్న ఇంటికి ఆ రక్షణ ఉండదు. ఆదివారం మా వైపు వస్తే చెప్పండి, నేను కూడా వస్తాను.

బ్రాడీపేట ప్లీడరు

పాత ఫ్లాటయితే ఓనరు లోను తీరిందా అని చూడండి. లోను ఉంటే బ్యాంకు నుంచి బాకీ లెటరు తెప్పించి, మీ బ్యాంకే నేరుగా ఆ బ్యాంకుకి చెక్కు ఇచ్చేలా మాట్లాడుకోండి. తీరిపోయి ఉంటే అసలు డాక్యుమెంట్లు కళ్లారా చూడాలి, జిరాక్సులు కాదు. పూర్తిగా కట్టిన 30 రోజుల్లో బ్యాంకు కాగితాలు తిరిగి ఇవ్వాలన్న నిబంధన 2023 డిసెంబరు నుంచి ఉంది, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు బ్యాంకే ఇవ్వాలి. కాబట్టి "కాగితాలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి" అని నెలల తరబడి చెప్పే ఓనరుతో జాగ్రత్త. ఇంటి పన్ను రసీదులు, అసోసియేషన్ నుంచి బాకీ లేదన్న లెటరు కూడా అడగండి.

తెనాలి కోడలు

షెడ్డు అన్నగారూ, నాదొక సందేహం. మా పాత కారు అమ్మేసి కొత్తది తీసుకుంటున్నాం. పాతదాని మీద 50 శాతం ఎన్‌సీబీ ఉంది. కొన్నాయన అది తనకే వస్తుందంటున్నాడు.

ఆటోనగర్ షెడ్డు

రాదమ్మా. ఎన్‌సీబీ బండిది కాదు, మీది. అమ్మేసిన కాగితాలు మీ కంపెనీకి చూపించి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకోండి, కొత్త కారు ఓన్ డ్యామేజీ ప్రీమియంలో ఆ 50 శాతం తగ్గిస్తారు. షోరూంలో కొటేషన్ వేసేటప్పుడే చెప్పండి, వాళ్లంతట వాళ్లు అడగరు.